ఉలవల మీద నాలుగు చక్రాలు

ఫోను మోగేసరికి హరిత చేతులు రెండూ తడి బొరుగుల్లో ఉన్నాయి. ఉగ్గానికి పిండిన బొరుగులను పక్కన పెట్టి, మోచేత్తో ఫోనును నొక్కింది. అవతల కుప్పం డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ అమరావతి మేడం. ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు ముందు ఎంపికైన ఆయన బెంగళూరులో ఇంకేదో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడట. ఆయన తరువాత పేరు హరితది.

"సాయంత్రం ఆఫీసు మూసేలోపల సర్టిఫికెట్లు తీసుకోనొచ్చి సంతకం పెట్టమ్మా. రాత్రికి పేర్లు పైకి పంపించేయాల. నువ్వు రాకుంటే నీ తర్వాత ఇంకో అమ్మాయి ఉండాది. ఎందుకైనా మంచిదని ఆయమ్మిని గూడా రమ్మన్నా."

హరిత బొరుగుల చేత్తోనే చెంప తుడుచుకుంది. పీజీ అయినప్పటి నుంచి ఆమె ఎక్కని కాలేజీ మెట్లు లేవు. పెళ్లి కాకముందు "పెళ్లయితే మానేస్తావేమో" అన్నారు. పెళ్లయ్యాక "మీ ఆయన ఒప్పుకుంటాడా" అన్నారు. ఫిజిక్స్ గురించి అడిగినవాళ్లు తక్కువ. ఎవరో ఒకరు "రా" అనడం ఇదే మొదలు. ఆమెకు వంటింట్లో ఒక్కర్తే గుండ్రంగా తిరగాలనిపించింది. తిరిగింది కూడా.

వాకిట్లో ఆమె భర్త మునికుమార్ కొత్త కారు అద్దం తుడుస్తున్నాడు. పెళ్లయి మెళ్లో పసుపుతాడు ఇంకా రంగు మారలేదు గనుక, అతన్ని చూస్తే ఆమెకు ఊరికే నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే పరిగెత్తింది.

"నాకు ఉద్యోగమొచ్చింది. కుప్పంలో. సంతకానికి ఈ పొద్దే పోవల్ల."

మునికుమార్ ముఖం వెలిగిపోయింది. "కుప్పమా? అబ్బ, బండికి పని దొరికింది."

పని దొరికింది తనకా బండికా అని అడగబోయి, అత్తగారు సుబ్బలక్ష్మమ్మ గడపలో నిలబడి ఉండడం చూసి హరిత మాట మింగేసింది. ఆ రోజు ఆమెకు వచ్చిన మొదటి కోపం అది. ఇంకా చాలా రావలసి ఉంది.

ఆ కారు సంగతి చెప్పాలి. దానికి ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. గేరు పక్కన గుండ్రటి మీట ఒకటి ఉంది, దాని మీద మూడు బొమ్మలు. ఒకటి మంచుగడ్డల రోడ్డుకు, ఒకటి బురదకు, ఒకటి ఇసుకకు. మదనపల్లెలో మంచుగడ్డ కనిపించేది చెరుకురసం బండి మీద, ఇసుక కనిపించేది ఇల్లు కట్టేవాళ్ల వాకిట్లో. అయినా మునికుమార్ బెంగళూరు కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పనిచేస్తూ, తీరిక దొరికితే చాలు, హిమాలయాల్లో కార్లు కొండెక్కే వీడియోలు చూసేవాడు. కొన్న నాటి నుంచి అతని కారు గుడికీ, టమాటా మార్కెట్టుకూ తప్ప ఎక్కడికీ పోలేదు.

"నేను బస్సులో పోతానండీ," అంది హరిత. అత్త ఎదురుగా ఉంటే అతను మీరు, లేకుంటే నువ్వు.

"బస్సా? రాత్రంతా తుంపర పడింది. చలికాలం రోడ్డు, సబ్బు మాదిరి జారతాది. ఇట్లాంటి రోజు కోసమే గదా ఈ బండి ఉండేది."

"అట్లయితే నేను తోల్తా. శాంతిపురంలో మా అన్న పికప్పు తోలిందాన్నే. లైసెన్సు గూడా ఉండాది."

"కొత్త బండి హరితా. ముందు నా చెయ్యి తిరగనీ."

"అవునమ్మా," అంది సుబ్బలక్ష్మమ్మ. "ఆడ సంతకం పెట్టే దానివి, చెయ్యి వణకకుండా కూచో."

అది రెండో కోపం.

పుంగనూరు దాకా పొగమంచు. సీట్ల మీద తీయని ప్లాస్టిక్ కవర్లు కదిలినప్పుడల్లా కరకరమంటున్నాయి. ఆమెకు ఆ చప్పుడు నచ్చింది. అద్దానికి అతను చెప్పకుండా కట్టిన మూర చామంతిపూలూ నచ్చాయి. కోపంగా ఉన్నప్పుడు ఇవన్నీ నచ్చడమేమిటని మరికాస్త కోపం వచ్చింది. అతను మాత్రం దారి పొడుగునా పాఠం చెబుతూనే ఉన్నాడు. ముందు చక్రం జారితే బలం వెనక్కు పోతుందట, వెనకది జారితే ముందుకు వస్తుందట.

"నేను ఫిజిక్స్ చదివినా," అంది హరిత.

"అది పుస్తకంలో. ఇది రోడ్డు."

మూడో కోపం.

పుంగనూరు దాటాక ఒక పల్లె దగ్గర రోడ్డు కనిపించలేదు. తారు మీద మోకాలెత్తున ఉలవకట్టె పరిచి ఉంది. కళ్లం చదును చేసే ఓపిక తగ్గినప్పటి నుంచి అక్కడి రైతులకు తారు రోడ్డే కళ్లం. పొద్దున పంట పరిస్తే పోయే బండ్లు వచ్చే బండ్లు తొక్కి సాయంత్రానికి గింజ రాలుస్తాయి. కానీ ఆ రోజు పరిచాక మళ్లీ పడిన తుంపరకు పైపొర తడిసింది. మోటారు సైకిళ్లు దిగి నడిపించుకుపోతున్నారు. లారీలు పక్క మట్టిలో దిగి పోతున్నాయి.

మునికుమార్ మీటను మంచుగడ్డ బొమ్మ మీదికి తిప్పాడు. ఆ తిప్పడంలో ఒక పూజారి హారతి తిప్పే శ్రద్ధ ఉంది. కారు ఎక్కడా జారకుండా, ఏనుగు నడిచినట్టు ఉలవల మీద నడిచి అవతలికి వచ్చింది. అతని చెవులు సంతోషంతో ఎర్రబడ్డాయి.

రోడ్డు పక్క నుంచి ఒక ముసలామె జల్లెడ పట్టుకుని అడ్డం వచ్చింది. ఆ పంట ఆమెదే. పేరు తిమ్మక్క.

"ఏమప్పా, నీ బండి బలే తొక్కుతాండాదే. ఆ లారీలోళ్లంతా పక్కకు పోయినారు. పైన తడిసినా కింద ఎండుగానే ఉండాది. ఇంగొక్క తూరి వెనక్కొచ్చి పో నాయనా."

"అవ్వా, మాకు కుప్పంలో పనుండాది," అంది హరిత.

"కుప్పం యాడికీ పోదు లేమ్మా."

మునికుమార్ వెనక్కి వచ్చాడు. మళ్లీ ముందుకు పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"కుమార్," అంది హరిత పళ్ల మధ్య నుంచి.

"అవ్వ అడిగితే కాదంటామా? సూడు, ఒక్క చక్రమన్నా జారిందేమో సూడు."

ఆ వెనక్కీ ముందుకూ పోవడం కొంచెం దూరంలో నిలబడిన నల్లప్ప కంటబడింది. అతని పంట ఆ పక్కనే, అదే రోడ్డు పల్లంలోకి దిగే చోట పరిచి ఉంది. పొద్దున్నే అతను నూర్పిడికి పుంగనూరు ట్రాక్టరు మనిషికి ఫోను చేసి, చేసి, అలసిపోయి ఉన్నాడు. ఒక బండి ఇంత పద్ధతిగా పైకీ కిందికీ తొక్కుతోందంటే అది బాడుగ బండి కాక మరేమిటి?

"ట్రాక్టరు బదులు కారు పంపించినాడా వాడు?" అంటూ వచ్చాడు నల్లప్ప. "పిలిచింది నేను. తిమ్మక్కది ముందు తొక్కుతావేమప్పా?"

"ఎవరూ పంపలేదన్నా," అన్నాడు మునికుమార్ మర్యాదగా. "ఊరికే తొక్కినా."

"ఆయమ్మకు ఊరికే, మాకు పనికి రాదా? ఆమె చేనికి నీళ్లు మా బోరు నుంచే పోతాండాయి, తెల్సునా నీకు?"

"నా బండి ముందొచ్చింది, నా వంతు ముందు," అంది తిమ్మక్క, అది తన బండే అన్నట్టు.

"వంతు తేలేదాకా ఒక్కటి కదిలేదానికి లేదు," అని నల్లప్ప ఎద్దులబండి కాడిని తెచ్చి రోడ్డుకు అడ్డంగా పడేశాడు. దాని వెనక ఒక బస్సు ఆగింది. బస్సు వెనక పాల వ్యాను ఆగింది. దాని వెనక ఇంకేమి ఆగాయో మలుపులో కనబడలేదు, హారన్లు మాత్రం వినబడ్డాయి.

హరిత అరికాలి మంట నెత్తికెక్కింది. దిగి వెళ్లింది.

"అన్నా, సాయంత్రం లోపల పోకుంటే నా ఉద్యోగం పోతాది. రెండేండ్లు తిరిగినా దీనికోసం."

నల్లప్ప ఆమెను తేరిపార చూశాడు. "పోతే ఇంగోటి వస్తాదమ్మా. ఈ ఉలవలు ఇంగో తుంపరకు నానితే మొలకలొస్తాయి. ఏడాది తిండి అది."

ఆ మాటా నిజమే. ఎదుటివాడి మాట నిజమైనప్పుడు వచ్చే కోపం కంటే చెడ్డది లేదు. వెనక్కి తిరిగి కిటికీలో తల పెట్టింది.

"తొక్కు. ఒక్కసారి. ఆయప్పది గూడా తొక్కేసి పద."

"నువ్వే చెప్పినావ్, సూడు," అన్నాడు మునికుమార్ ఉత్సాహంగా.

నల్లప్ప కాడిని కారు పట్టేంత జరిపి, మళ్లీ అడ్డం పెట్టాడు. అతని పంట పల్లంలో ఉంది కదా. కారు పైనుంచి దిగడం మొదలుపెట్టింది. సగం దిగాక ఒక చిన్న పుంగనూరు ఆవు, మేక కంటే కాస్త పెద్దది, తీరిగ్గా నడిచి వచ్చి ఉలవకట్టె నమలడం మొదలుపెట్టింది. మునికుమార్ బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి. కారు ఆగలేదు.

"యాల ఆగల్యా?" అన్నాడతను, కారునే అడిగినట్టు.

"నాలుగు చక్రాలూ లాగేది కదిలేటప్పుడే," అంది హరిత, డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని. "ఆపేది టైరూ, రోడ్డూ. రోడ్డు యాడుండాది కింద? అంతా కట్టెనే గదా. ఇది పుస్తకంలోనే ఉండాది."

కారు పెళ్లి ఊరేగింపులా మెల్లగా, హుందాగా, పక్కకు తిరిగి జారుతూ పోయింది. ఆవు దాన్ని చూసింది కానీ కదలలేదు. దాన్ని మూరెడు దూరంలో దాటుకుని, కారు రోడ్డు వారనున్న నల్లప్ప పొట్టు కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆవు వచ్చి బానెట్ మీద పడిన పొట్టు తినసాగింది.

కుప్ప చెదిరిపోయింది. చెదిరిన పొట్టూ, అందులోని గింజలూ పక్కనే ఆరబోసిన తిమ్మక్క గింజల మీద పడ్డాయి. ఇప్పుడు ఏది ఎవరి గింజో తెలియదు. ఇందాక వంతు గురించి పోట్లాడినవాళ్లు, ఇప్పుడు ఒక్కటై కారు వైపు నడిచి వస్తున్నారు.

"హరితా," అన్నాడు మునికుమార్ గొంతు తగ్గించి, కారును కుప్పలోంచి వెనక్కు లాగుతూ. "ఎడమ పక్క వంకలో బండిదోవ ఉండాది. అవతల పలమనేరు రోడ్డే. అంతా ఇసుకే, మనకు ఇసుక బొమ్మ ఉండాది."

"వద్దు."

"రెండు నిమిషాలు."

"కుమార్, వద్దంటాండా."

కారు వంకలో దిగింది. నీళ్లు లేని వంక, పిండిలాంటి ఇసుక. సగం దూరం బాగానే పోయింది. అప్పుడు మునికుమార్‌కు మీట ఇంకా మంచుగడ్డ బొమ్మ మీదే ఉందని గుర్తొచ్చింది. దాన్ని తిప్పడానికి కారు ఆపాడు. ఆపిన చోటే కారు కూర్చుంది. అతను గట్టిగా ఎక్సలేటరు నొక్కాడు. నాలుగు చక్రాలూ సమానంగా, శ్రద్ధగా, నాలుగు గుంతలు తవ్వుకున్నాయి. కాసేపటికి ఎదురుగా తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. వెనక చక్రాలకు బలమందించే భాగం వేడెక్కిందట, చల్లారేదాకా ఆగాలట.

"దానికి వేడెక్కిందంట," అంది హరిత. "నాకు పొద్దున్నుంచి ఎక్కుతాండాది. నాకు అట్లాంటి లైటొకటి పెట్టించుంటే బాగుండు మీ అమ్మ."

"అరవద్దు హరితా."

"అరవల్యా. అరిస్తే యెట్లుంటాదో నీకింకా తెలీదు. పెళ్లయి ఎన్నాళ్లయిందని? బస్సులో పోతానంటి. నేను తోల్తానంటి. రెండేండ్ల నా తిరుగుడు నీ బొమ్మల మీట కింద పెట్టి తొక్కినావు గదా సామీ. ఉలవలన్నా నయం, తొక్కితే గింజ రాలతాది."

మునికుమార్ తల వంచుకున్నాడు. అతని చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి, ఈసారి సంతోషంతో కాదు. అంత కోపంలోనూ ఆమెకు ఆ చెవులు ముద్దుగా కనిపించాయి. దాంతో ఇంకా మండిపోయి, కారు దిగి తలుపు ధడాలున వేసింది.

ఈలోగా తిమ్మక్క, నల్లప్ప, వాళ్ల ఇళ్లవాళ్లు గట్టు మీదికి వచ్చారు.

"వంతు తప్పించుకోని పోతావా?" అన్నాడు నల్లప్ప. "ఇప్పుడు పో సూస్తాం."

"ఆయన్ను తర్వాత తిట్టచ్చు. ముందు తొయ్యండన్నా," అంది హరిత.

"తోస్తాం. బండి గట్టినేల ఎక్కినాక తిరుక్కోనొచ్చి మా రెండు పంటలూ తొక్కల్ల. మాటియ్యమను."

"ఇస్తా," అన్నాడు మునికుమార్ వెంటనే.

"అయితే నువ్వు గూడా దిగి తొయ్యి. బలమైనోడివే గదా. ఆయమ్మ తోల్తాది."

అలా, పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఇవ్వని స్టీరింగును నల్లప్ప ఒక్క మాటతో ఇచ్చేశాడు. మునికుమార్‌కు మింగుడు పడలేదు కానీ, చేయగలిగింది లేదు. తాను చూసిన వీడియోలన్నీ తలచుకుని, నాలుగు టైర్లలోనూ కొంచెం కొంచెం గాలి తీశాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు. ఇసుక బొమ్మకు మీట తిప్పాడు. తెర మీద ఎర్ర అక్షరాలు పోయేదాకా అందరూ కూర్చుని తిమ్మక్క ఇచ్చిన ఉడకబెట్టిన అనపకాయలు తిన్నారు. హరిత మాత్రం తినలేదు. తరువాత ఒకటి తింది. బాగుంది. ఇంకో గుప్పెడు తీసుకుంది.

"విను," అన్నాడు మునికుమార్ కిటికీ దగ్గర నిలబడి. "మెల్లిగా నొక్కు. స్టీరింగు ఎక్కువ తిప్పద్దు. ఒకసారి కదిలినాక యాడా ఆపద్దు. గట్టినేల వచ్చేదాకా ఆపితే మళ్లీ దిగబడతాది."

"యాడా ఆపను," అంది హరిత.

అందరూ భుజాలు పెట్టారు. ఆమె ఎక్సలేటరును పిల్లి తోక తాకినట్టు తాకింది. కారు ఒకసారి ఊగి, గుంతల్లోంచి లేచి, ఇసుక మీద పడవలా సాగింది. ప్లాస్టిక్ కవర్లు కరకరమన్నాయి. వంక దాటింది. గట్టు ఎక్కింది. గట్టినేల వచ్చింది.

ఆమె ఆగలేదు.

అద్దంలో భర్త రెండు చేతులూ ఎత్తి శభాష్ అంటున్నాడు. కాసేపటికి అవే చేతులు ఆగమన్నాయి. ఆ తరువాత పొద చాటైపోయింది. అతని ఫోను పక్క సీట్లో ఛార్జింగులో ఉంది. హరిత గట్టిగా నవ్వింది, ఎవరూ లేరు కనుక ఇంకాస్త గట్టిగా నవ్వింది, ఆ వెంటనే అతని మీద కోపం గుర్తు తెచ్చుకుని ముఖం సర్దుకుంది. పలమనేరులో పెట్రోలు బంకు దగ్గర మాత్రం ఆగి టైర్లకు గాలి పట్టించుకుంది. తక్కువ గాలితో తారు మీద పోతే టైర్లు వేడెక్కి చెడిపోతాయని ఆమెకు తెలుసు. అది కూడా పుస్తకంలోనే ఉంది.

కాలేజీలో అటెండరు ఆఫీసు కిటికీలు మూస్తున్నాడు. అమరావతి మేడం చేతిసంచి తీసుకుని లేవబోతూ ఆగింది.

"వస్తివా అమ్మా. ఇంగ రావనుకుంటి. నీ తర్వాత అమ్మాయి పుంగనూరులో బస్సెక్కి ఇంకా దోవలోనే ఉండాది. ఎవుడో తలకు మాసినోడు పెద్ద కారేసుకోని రోడ్డు మీద ఉలవలు తొక్కిస్తాండాడంట. బస్సులన్నీ నిలిచిపోయినాయంట. అట్లాంటోళ్లకు లైసెన్సు యెవురిస్తారో."

"అదే మేడం," అంది హరిత మనస్ఫూర్తిగా. "యెవురిస్తారో."

"నీ తల్లో అదేంది?"

"పొట్టు మేడం. నేనూ ఆ దోవనే వస్తి."

మేడం కాగితం ముందుకు జరిపింది. హరిత సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు.

"రేపు పొద్దున్నే ఫస్టియర్‌కు క్లాసు. యాడి నుంచి మొదలుపెడతావో నీ ఇష్టం."

"ఘర్షణతో మొదలుపెడతా మేడం."

బయటికి వచ్చి, కారుకు ఆనుకుని నిలబడి, చల్లగాలిని గుండెల నిండా పీల్చింది. అప్పుడే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అది నల్లప్ప ఫోను, మాట మునికుమార్‌ది. భర్తను ఇసుకలో వదిలేసి వచ్చిన భార్య చెప్పవలసిన జవాబులన్నీ ఆమె దారిలోనే తయారు చేసుకుని ఉంది. గొంతు సవరించుకుంది.

"సంతకం పెట్టినావా?" అన్నాడతను.

అదే మొదటి మాట.

"పెట్టినా."

అవతల అతను ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఎవరికో చెబుతున్నాడు. "పెట్టిందంట అవ్వా." తిమ్మక్క ఏదో దీవించింది.

"నన్ను ఇసుకలో వదిలేసి పోతివే," అన్నాడు తరువాత.

"ఆపద్దంటివి గదా."

"గట్టినేల వచ్చేదాకా అంటి."

"నాకు గట్టినేల కుప్పంలో వచ్చింది. నిన్ను కొట్టినారా వాళ్లు?"

"కొట్టేదేంది? ఉలవలన్నీ అయిపోయినాయి. నిలిచిపోయిన బస్సులు, లారీలు ఉండాయి గదా. కాడి తీసేసి, ఒక్కోదాన్నీ పక్కకు పోనీకుండా ఉలవల మీదనే పంపించినా. నేనే చెయ్యెత్తి ఆపినా, నేనే వదిలినా. ట్రాక్టరు గూడా అట్ల తొక్కదంట. గింజలు చెరిసగం పంచుకున్నారు. నాకు సంగటి పెట్టినారు హరితా, పక్కన ఉలవచారు. నువ్వుండుంటే బాగుండు."

హరిత కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషి మీద పొద్దుటి నుంచి ఎందుకు కోప్పడ్డానా అనుకుంది. అతను ఇంకా ఆపలేదు.

"రేపు వీళ్లు రాగులు పరస్తాండారు. మన బండితోనే తొక్కిస్తానని మాటిచ్చినా. పొద్దు పొడిచేతలికి వచ్చెయ్యి."

పోయిన కోపమంతా, దారి తెలిసిన పశువులా, నేరుగా ఇంటికి వచ్చి చేరింది.

"నేను రాత్రికి శాంతిపురంలో అమ్మోళ్లింట్లో పడుకుంటా," అంది హరిత, ఒక్కో మాటా నిదానంగా. "రేపు పొద్దున్నే నాకు క్లాసుండాది. కారు నాతో కుప్పం వస్తాది."

"మరి రాగులో?"

"నీకు కాళ్లు రెండుండాయి గదా. తొక్కు."